మన ఓటును పందెంల పెట్టేటోడు ఎవలు?

ఎలక్షన్లు దగ్గర పడ్డయంటే మన చౌరస్తాలకు భారతం దిగుతది. ఈ పక్క ఫ్లెక్సీ మీద మన లీడర్ అర్జునుడి లెక్క విల్లు ఎక్కుపెట్టి ఉంటడు. ముంగట పెద్ద లీడర్ కృష్ణుడి లెక్క పగ్గాలు పట్టుకొని కూసుంటడు. కింద వరుసగా ఇరవై మంది పిలగాండ్ల పాస్‌పోర్ట్ ఫోటోలు. రోడ్డు దాటి అవుతలి పక్కకు పోతే ఎదుటి పార్టీ ఫ్లెక్సీ. గాడ కూడ అర్జునుడే, కృష్ణుడే, కింద ఇరవై ఫోటోలే. రెండు దిక్కుల పాండవులే ఉంటే మరి కౌరవులు ఏడున్నట్టు?

ఇది ఊర్ల ముచ్చట ఒక్కటే కాదు. 2024 జూలై 29 నాడు లోక్‌సభల బడ్జెట్ మీద మాట్లాడుకుంట రాహుల్ గాంధీ చక్రవ్యూహం ముచ్చట తీసిండు. అభిమన్యున్ని ఆరుగురు చుట్టుముట్టి చంపినట్టే ఇప్పుడు దేశాన్ని కూడ ఆరుగురు వ్యూహంల ఇరికిచ్చిండ్రని, దానికి పద్మవ్యూహమని ఇంకో పేరుందని, అది కమలం ఆకారంల ఉంటదని అన్నడు. బీజేపీ దిక్కు చూస్తే, 1990 సెప్టెంబర్‌ల సోమనాథ్ కాడ అద్వానీ ఎక్కిన రథం సంది 2024 జనవరి 22 నాటి అయోధ్య ప్రాణప్రతిష్ఠ దాక రామాయణం ఆ పార్టీ నడకల కలిసే ఉన్నది.

టీవీ తెర కూడ తక్కువ పని చెయ్యలె. దూరదర్శన్‌ల 1987ల రామాయణం, 1988ల మహాభారతం సీరియళ్లు మొదలైనయి. సీత ఏషం కట్టిన దీపికా చిఖలియా, రావణుడి ఏషం కట్టిన అరవింద్ త్రివేది ఇద్దరూ 1991ల గుజరాత్‌కెల్లి బీజేపీ ఎంపీలయిండ్రు. కృష్ణుడి ఏషం కట్టిన నితీశ్ భరద్వాజ్ 1996ల జంషెడ్‌పూర్‌ల గెలిసిండు. రాముడి ఏషం కట్టిన అరుణ్ గోవిల్ 2024ల మేరఠ్ ఎంపీ అయిండు. సీతకు ఓటు పడ్డది, రావణునికి కూడ పడ్డది. అదీ ఒక్కటే గుర్తు మీద!

మనకైతే ఇది ఇంకా ముందే తెల్సు. 1977ల వచ్చిన దానవీరశూరకర్ణ సినిమాల ఎన్టీఆర్ ఒక్కడే కృష్ణుడు, కర్ణుడు, సుయోధనుడు మూడు ఏషాలు కట్టిండు. అయిదేండ్లు తిరిగేసరికి, 1982 మార్చి 29 నాడు తెలుగుదేశం పార్టీ పెట్టిండు. తొమ్మిది నెలలల్ల అధికారంలకు వచ్చిండు. ఒక్క మొఖానికే జనం దేవుడని దండం పెట్టిండ్రు, దుర్యోధనుడని చప్పట్లు కొట్టిండ్రు. అంటే ఏ ఏషం ఎవలు కడుతరన్నది కట్టేటోని ఇష్టం. చూసేటోళ్ల పని వేరే ఉన్నది. ఆ పని గురించే ఈ ముచ్చట.

వెయ్యేండ్ల కిందటి ఫ్లెక్సీ

'మేమే పాండవులం' అనుడు కొత్తది కాదు. మన తెలుగు కవిత్వమే అట్ల మొదలైంది. పదకొండో శతాబ్దంల రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడు తనది చంద్రవంశమని, పాండవులు తన వంశపు పెద్దలని చెప్పుకున్నడు. మా పెద్దల కథ తెలుగుల రాయుమని నన్నయను అడిగిండు. ఇప్పుడు లీడర్లు ఫ్లెక్సీల చేసే పనినే రాజు కావ్యంతోని చేయిచ్చుకున్నడు. కాకపోతే నన్నయ మహాకవి గనుక, రాజుకోసం మొదలైన పని జనానికి ఆస్తి అయింది.

ఆయన ఎనుక పదమూడో శతాబ్దంల తిక్కన వచ్చిండు. విరాటపర్వం సంది ఆఖరు దాక పదిహేను పర్వాలు రాసిండు. ఆయన ఉత్త కవి కాదు, నెల్లూరు మనుమసిద్ధి కాడ మంత్రి. సంధి మాటలు, రాయబారాలు, ఎవడు ఎటు మొగ్గుతడో లెక్కలు, అన్నీ చేసిన చేతితోని ఉద్యోగపర్వం రాసిండు. రాజకీయం తెల్సినోడు రాసిన రాజకీయం అది.

మరి చదువు రానోళ్లకు ఈ కథ ఎట్ల చేరింది? తెలంగాణల చిందోళ్లు భాగోతం ఆడిండ్రు. కాకిపడగలోళ్లు చేర్యాల నకాషీ పటం పరిసి ముదిరాజుల వాడలల్ల పాండవుల కథ చెప్పిండ్రు. ఆంధ్ర దిక్కు తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు నాటకం ఊరూరా ఆడింది. రాయబారం పద్యం పాడితే వన్స్ మోర్ అని మళ్లా పాడిచ్చుకున్నరు. అంటే ఈ కథ మనది. ఏ పార్టీ ఆఫీసుదీ కాదు. మనదైన కథను వాళ్లు మన మీదికి ఇసురుతుంటే, దాన్ని మనం మల్లొక్కసారి తెరిసి సొంతంగ చదువుకోవాలె. అప్పుడు ఫ్లెక్సీల లేని మనుషులు అండ్ల కనవడుతరు.

శల్యుడి విడిది: మొదటి రిసార్ట్ క్యాంపు

శల్యుడు మద్ర దేశానికి రాజు. నకుల సహదేవుల తల్లి మాద్రికి అన్న, అంటే పాండవులకు సొంత మేనమామ. యుద్ధం వస్తదని తెల్సి ఒక అక్షౌహిణి సైన్యం తీసుకొని పాండవుల దిక్కు బయలెల్లిండు. ఈ సంగతి దుర్యోధనునికి తెలిసింది. కొట్లాడి ఆపలె. తోవ పొడుగునా మంచి మంచి విడుదులు కట్టిచ్చిండు. తిండి, తాగుడు, పాటలు, పూలదండలు అన్నీ తయారు పెట్టిచ్చిండు. శల్యుడు దిగిన కాడల్లా దేవునికి చేసినట్టు మర్యాదలు జరిగినయి. ఇదంతా మేనల్లుడు ధర్మరాజు చేయిచ్చిండనుకొని మురిసిపోయిండు. ఇంత మంచి ఏర్పాట్లు చేసినోళ్లను పిలువుండ్రి, ఇనాం ఇస్త అన్నడు. అప్పుడు దుర్యోధనుడు ముందుకొచ్చిండు. నా దిక్కు నిలబడి నా సైన్యాన్ని నడిపియ్యి, నాకు అదే ఇనాం అన్నడు. మాట తప్పరాదని శల్యుడు సరే అన్నడు.

ఇది చదివినంక మీకు ఏదో ఒక బస్సు, ఏదో ఒక రిసార్ట్ యాదికి రాకుంటే చెప్పుండ్రి. మండల పరిషత్, జిల్లా పరిషత్ అధ్యక్షులను జనం సీదా ఎన్నుకోరు. ఎంపీటీసీలు, జెడ్పీటీసీలు ఎన్నుకుంటరు. అందుకే ఫలితాలు వచ్చిన రాత్రే బస్సులు కదులుతయి. గెలిసినోడు ఇంటికి రాడు, క్యాంపుకు పోతడు. ఫోన్ స్విచ్ ఆఫ్.

పెద్ద స్థాయిల కూడ మనకు ఈ చరిత్ర ఉన్నది. 1984 ఆగస్టు 16 నాడు ఎన్టీఆర్‌ను గద్దె దించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేసిండ్రు. అప్పుడు ఎన్టీఆర్ తన దిక్కున్న ఎమ్మెల్యేలను చెయ్యి దాటకుండ కర్ణాటకకు తీస్కపోయి పెట్టిండు. నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 16 నాడు మళ్లా ముఖ్యమంత్రి అయిండు. పదకొండేండ్లకు, 1995 ఆగస్టుల, హైదరాబాద్ వైస్రాయ్ హోటల్‌ల క్యాంపు పడ్డది. ఈసారి ఎన్టీఆర్ కుర్చీ పోయింది, చంద్రబాబు ముఖ్యమంత్రి అయిండు. మొదటి క్యాంపు జనం ఇచ్చిన తీర్పును కాపాడిందని అంటరు, రెండోది ఆ తీర్పునే మార్చిందని అంటరు. రెండింట్ల ఒక్కటి మాత్రం సమానం: ఓటేసిన జనానికి, గెలిసిన మనిషికి నడుమ ఒక గేటు పడ్డది. ఆ గేటు తాళంచెవి జనం చేతుల లేదు.

శల్యుడి కథల ఇంకో సగం ఉన్నది. దాన్ని ఎవలూ చెప్పరు. దుర్యోధనునికి మాట ఇచ్చినంక ఆయన సీదా ధర్మరాజు కాడికే పోయి జరిగిందంతా చెప్పిండు. ధర్మరాజు ఏమన్నడు? సరే మామా, నీ మాట నిలబెట్టుకో, కాని కర్ణునికి సారథివైన నాడు వాని ధైర్యం దెబ్బతియ్యి అని అడిగిండు. శల్యుడు ఒప్పుకున్నడు. రథం కర్ణునిది, నోరు పాండవులది. మన రాజకీయంల దీనికి ఒక మాట ఉన్నది: కోవర్టు. అడిగినోడు ఎవడు? దుర్యోధనుడు కాదు, ధర్మరాజు! 'మాది ధర్మపక్షం' అని ఎవడన్న మైకుల అంటే ఈ సంగతి యాది చెయ్యుండ్రి. పక్షం మంచిదైనంత మాత్రాన అది చేసే పని మంచిది కాదని భారతమే చెప్తున్నది.

శల్యుని తప్పు తిన్నది కాదు. తోవల ఆకలైతే ఎవలైనా తింటరు. ఖర్చు ఎవడు పెడుతుండో అడగకుండ తిన్నడు. తను ఒక్కడు తిన్నదానికి అక్షౌహిణి మందిని బదులు ఇచ్చిండు. విడిదిల కూసున్నది రాజు, బిల్లు కట్టింది సైనికులు.

కుర్చీల కూసున్నోడు మనోడే అయితే

పార్టీ మారుడును ఆపుదామని 1985ల 52వ రాజ్యాంగ సవరణ తెచ్చిండ్రు. పదో షెడ్యూల్ అట్ల వచ్చింది. మూడింట ఒక వంతు మంది చీలితే తప్పు లేదన్న సందు అండ్ల ఉండె. 2003ల 91వ సవరణతోని ఆ సందు మూసిండ్రు. మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే విలీనం అన్న సందు మాత్రం ఉండిపోయింది.

మన అనుభవం చూడుండ్రి. 2014ల తెలంగాణల తెలుగుదేశం గుర్తు మీద గెలిసినోళ్లు చానామంది టీఆర్ఎస్‌ల చేరిండ్రు. 2019 జూన్‌ల కాంగ్రెస్‌కు మిగిలిన 18 మందిల 12 మంది టీఆర్ఎస్‌ల విలీనం అయిండ్రు. ఆంధ్రప్రదేశ్‌ల 2014 తర్వాత వైఎస్సార్‌సీపీ గుర్తు మీద గెలిసిన 23 మంది తెలుగుదేశంల చేరిండ్రు, వాళ్లల్ల నలుగురు మంత్రులు కూడ అయిండ్రు. 2019ల జనం తెలుగుదేశానికి ఇచ్చిన సీట్లు లెక్కపెడితే సరిగ్గ 23. ఇగ 2023 తర్వాత తెలంగాణల గాలి మారింది. బీఆర్ఎస్ గుర్తు మీద గెలిసిన 10 మంది కాంగ్రెస్‌ల చేరిండ్రని అనర్హత పిటిషన్లు పడ్డయి. అవి మూడు నెలలల్ల తేల్చుమని 2025 జూలై 31 నాడు సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పింది. అప్పటికి ఎలక్షన్లు అయిపోయి ఏడాదిన్నర దాటింది. నిన్న తీసుకున్న పార్టీ ఇయ్యాల పోగొట్టుకున్నది. నిన్న పోగొట్టుకున్న పార్టీ ఇయ్యాల తీసుకున్నది. ఫ్లెక్సీల మాత్రం ఇద్దరూ పాండవులే.

చిక్కు ఎక్కడున్నది? తీర్పు చెప్పేటిది స్పీకర్. స్పీకర్ ఎక్కువల ఎక్కువ అధికార పార్టీ మనిషే అయితడు. కొడుకు మీద ఫిర్యాదు వస్తే తండ్రి ముంగట పెట్టినట్టు. హస్తినాపురం సభల కూడ గద్దె మీద ఉన్నది ధృతరాష్ట్రుడు. ఆయన కండ్లు లేకపోవుడు అసలు లోపం కాదు. విదురుడు చెవుల పడేటట్టు చెప్పిండు, జూదం వద్దన్నడు, నాశనం అయితమన్నడు. ధృతరాష్ట్రునికి అర్థమైంది కూడ. కాని కొడుకు గెలుస్తుంటే ఆపబుద్ధి కాలె. మనిషి చెడ్డోడని కాదు, ఆ కుర్చీల ఎవలు కూసున్నా అట్లనే అయితది. అందుకే 2020 జనవరిల మణిపూర్ ఎమ్మెల్యే కేసుల సుప్రీంకోర్టు, ఈ అధికారం స్పీకర్ కాడికెల్లి తీసి స్వతంత్ర ట్రిబ్యునల్‌కు ఇచ్చుడు గురించి పార్లమెంటు ఆలోచన చెయ్యాలన్నది. ఆ సవరణ ఇప్పటిదాక రాలె. ఎందుకు రాలె? ఇయ్యాల గెలిసినోనికి ఆ కుర్చీ అక్కరకొస్తది, రేపు గెలిసేటోనికి కూడ అక్కరకొస్తది. సందు మూద్దామని ఎవడంటడు?

ద్రౌపది అడిగిన లా పాయింట్

సినిమాలల్ల మనకు చీర ముచ్చటే చూపెడుతరు. దాని కన్న ముందు జరిగింది చదువుండ్రి. ధర్మరాజు రాజ్యం ఓడిండు, తమ్ముండ్లను ఓడిండు, తనను తాను ఓడిండు. ఆఖరుకు ద్రౌపదిని పందెంల పెట్టి ఓడిండు. ఆమెను సభకు తీస్కరమ్మని ఒక నౌకరును పంపిండ్రు. ఆమె ఏడువలె, కాళ్లు మొక్కలె. పోయి సభల ఒక ప్రశ్న అడిగి రమ్మన్నది: ఆయన ముందుగాల తనను ఓడిండా, నన్ను ఓడిండా? ముందుగాల తననే ఓడితే, బానిస అయిపోయినోనికి నన్ను పందెం పెట్టే హక్కు ఎక్కడిది?

వకీలు అడిగే ప్రశ్న ఇది. నన్ను కాపాడుండ్రి అని కాదు, మీకు ఈ అధికారం ఎవలు ఇచ్చిండ్రు అని. దానికి భీష్ముడు, అంత పెద్ద మనిషి, ధర్మం చాన సూక్ష్మం, నేను చెప్పలేను అన్నడు. కడుమ పెద్దమనుషులు తలకాయ కిందికి వేసిండ్రు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీలల్ల తెలంగాణల మూడు విడతల పంచాయతీ ఎన్నికలు జరిగినయి. 12 వేల పైచిలుకు పంచాయతీలు. ప్రతిసారి లెక్కనే ఈసారి కూడ ఏకగ్రీవం పేరు మీద వేలం పాటల ముచ్చట్లు వచ్చినయి. గుడి కట్టిస్త, బొడ్రాయి పండుగ చేయిస్త, ఊరికి ఇన్ని లక్షలిస్త అని పాట పాడుతరు. ఎక్కువ పాడినోడు సర్పంచ్. మిగిలినోళ్లు నామినేషన్ వెయ్యరాదు, వేస్తే ఊరి మాట తప్పినట్టు.

ఊరంత మనస్ఫూర్తిగ ఒక మంచి మనిషిని ఒప్పుకుంటే అది ఏకగ్రీవం. కొట్లాటలు తప్పుతయి, ఖర్చు తప్పుతది, నేను కాదన. వేలం అట్ల కాదు. గుడి దగ్గర కూసున్న పది మంది, ఊర్ల ఉన్న వెయ్యి ఓట్లను పందెంల పెట్టినట్టు. అప్పుడు ద్రౌపది ప్రశ్న అడుగాలె: నా ఓటును పాటల పెట్టెటందుకు మీకు హక్కు ఎవలిచ్చిండ్రు? నేను ఎప్పుడు మీకు రాసిచ్చిన? పద్దెనిమిది ఏండ్లు నిండిన పిల్ల మొదటిసారి ఓటేద్దామని కార్డు తీసుకొని కూసుంటే, పోలింగే లేదని చెప్పుడు ఆ పిల్లను అడగకుండ ఆమెది పందెం పెట్టుడు కాదా?

అండ్ల ఇంకో ముచ్చట. తెలంగాణ పంచాయతీలల్ల సగం సీట్లు ఆడోళ్లకు రిజర్వ్. ఆ సీటు కూడ పాట పాడేది మొగోళ్లే. భార్య పేరు మీద మొగడు పాడుతడు. గెలిసినంక కుర్చీల ఆమె పేరు, సంతకం కాడ ఆమె చెయ్యి, మాట మాత్రం ఆయనది. సర్పంచ్ ఎవలంటే ఊరోళ్లు ఆయన పేరే చెప్తరు. భారతంల ద్రౌపది నిండు సభల నోరు తెరిచి అడిగింది. మనం గెలిపిచ్చిన సర్పంచమ్మను మీటింగ్‌ల మాట్లాడనియ్యం. వెయ్యేండ్ల కింద తెలుగుల చెప్పుకున్న కథ కన్న ఎనుకకు పోయినమా?

వికర్ణుడు: నీకేం తెల్సురా అనిపిచ్చుకున్న పిలగాడు

ఆ సభల అందరు పెద్దలు సప్పుడు చెయ్యకుండ కూసున్నప్పుడు లేసి నిలబడ్డది ఒక పడుసు పోరడు. పాండవులల్ల కాదు, కౌరవులల్ల. దుర్యోధనుని తమ్ముడు వికర్ణుడు. ఆమె అడిగినదానికి జవాబు చెప్పుండ్రని రాజులందరిని అడిగిండు. ఎవలూ మాట్లాడలె. అప్పుడు తనే చెప్పిండు: ముందుగాల తనను ఓడినోనికి ఆమె మీద హక్కు లేదు, ఆమె ఓడిపోలె అని. సభల జనం మెచ్చుకున్నరు. కర్ణుడు లేసి, చిన్న పిలగానివి, పెద్దలు మాట్లాడనిది నీకు తెలుస్తదా అని నోరు మూయిచ్చిండు.

గ్రామసభల బోరు బిల్లు ఎంతయింది, ఉపాధి హామీ పని మస్టర్ ఎట్ల రాసిండ్రు అని అడిగిన ఏ పిలగానికైనా ఈ మాట కొత్త కాదు. నిన్న గాక మొన్న పుట్టినవ్, నీకేం తెల్సురా అంటరు. తెల్సుకోవాల్సింది ఒక్కటే: రాజ్యాంగం ప్రకారం ఊరి ఓటరు జాబితాల పేరున్న ప్రతి మనిషి గ్రామసభల సభ్యుడే. అడిగే హక్కు వయసు బట్టి రాదు.

కాని వికర్ణుని కథ అక్కడ ఆగలె. యుద్ధం వచ్చినప్పుడు ఆ వికర్ణుడే అన్న దిక్కు నిలబడి కొట్లాడిండు. భీముని చేతుల సచ్చిండు. చంపినంక భీముడే బాధపడ్డడు. సభల సరైన మాట చెప్పినోడు, ఆఖరుకు తను తప్పన్న పక్షం కోసమే పానం ఇచ్చిండు. భారతంల నన్ను బాగ సతాయిచ్చే ముచ్చట ఇదే. మనలా ఎంతమంది ఇట్ల లేరు? వాట్సాప్‌ల లీడర్ చేసింది తప్పని రాస్తం, తెల్లారి ఆ లీడర్ బైక్ ర్యాలీల జెండా పడుతం. ఎందుకంటే మా కులపోడు, మా ఊరోడు, మా అన్న. అడుగుడు ఒక్కటే సరిపోదు. అడిగినదానికి జవాబు రాకుంటే పక్కకు జరగాలె.

ఫ్లెక్సీ కింది ఇరవై ఫోటోలు

ఒక అక్షౌహిణి అంటే లెక్క ఉన్నది. 21,870 రథాలు, 21,870 ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. కురుక్షేత్రంల రెండు దిక్కుల కలిపి 18 అక్షౌహిణులు. అంటే ఉత్త కాలినడక సైనికులే 19,68,300 మంది. వాళ్లల్ల ఎంతమంది పేర్లు మనకు తెల్సు? ఒక్కరిది కూడ తెల్వదు. పద్దెనిమిదో రోజు రాత్రి కూడ అయిపోయినంక పాండవుల దిక్కు మిగిలిన పెద్ద యోధులు అయిదుగురు అన్నదమ్ములు, కృష్ణుడు, సాత్యకి. కౌరవుల దిక్కు అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ.

స్త్రీపర్వంల ఒక ముచ్చట వస్తది. యుద్ధం అయినంక, ఎవలూ దిక్కు లేని శవాలకు దహనం చేయిమని ధర్మరాజు విదురుడు, సంజయుడు లాంటోళ్లకు చెప్తడు. ఎక్కడెక్కడి దేశాలకెల్లో వచ్చి సచ్చినోళ్లను కుప్పలు పోసి కాల్సిండ్రు. వాళ్లు ఎవలి ధర్మం కోసం వచ్చిండ్రో, ఎవలి విడిదిల రాజు తిన్నదానికి వచ్చిండ్రో రాసినోడు లేడు.

ఇయ్యాల పానాలు పోకపోవచ్చు. కాని కేసులు అయితయి. లీడర్ల కోసం ఇంకో ఊరి పిలగాండ్లతోని కొట్లాడుతరు, పోస్టులు పెడుతరు, రాళ్లు ఇసురుతరు. రెండేండ్లకు లీడర్ కండువా మార్చుకుంటడు. నిన్న తిట్టినోని పక్కన కూసొని చాయ తాగుతడు. కేసు మాత్రం పిలగాని పేరు మీదనే ఉంటది. పాస్‌పోర్ట్ ఎంక్వైరీ కాడ, గల్ఫ్ పోదామంటే, కానిస్టేబుల్ నౌకరి వస్తే అది ముంగటికి వస్తది. వాయిదాకు పోవాల్నంటే ఒక దినం కూలి పోతది. ఫ్లెక్సీల మన ఫోటో చిన్నగ ఎందుకు ఉంటదో ఇప్పుడు అర్థమైతది. ఎక్కుపెట్టిన విల్లు ఆయనది, బాణం మనం.

అన్నీ తలకెక్కిచ్చుకునేటివి కావు

ఇక్కడ ఇద్దరు మనుషులు నాతోని పంచాతికి వస్తరు. ఒకాయన, దేవుని కథను రాజకీయంల కలుపుతవా అంటడు. కలిపింది నేను కాదన్నా, ఫ్లెక్సీ కట్టినోళ్లు కలిపిండ్రు. కథల ఉన్నది చదివితే దేవునికి వచ్చే లోటు ఏం లేదు. రెండో ఆయన, ఇది రాజుల కథ, కులాల కథ, ప్రజాస్వామ్యంల దీనితోని ఏం పని అంటడు. ఆయన మాటల బలం ఉన్నది.

ఏకలవ్యుని బొటనవేలు తీసుకున్నది ఈ కథలనే. లక్క ఇంటి రాత్రి ఒక నిషాద తల్లి, ఆమె అయిదుగురు కొడుకులు ఆ ఇంట్ల తిని తాగి పండుకున్నరు. పాండవులు సొరంగం తోవల బయటపడ్డరు, వాళ్లు ఆరుగురు కాలిపోయిండ్రు. ఆ శవాలను చూసి పాండవులే సచ్చిండ్రని లోకం నమ్మింది. ఆ తల్లికి పేరు కూడ లేదు. 'మనమంత పాండవులం' అని మైకుల ఒర్రినప్పుడు, ఆ ఇంట్ల మనది ఏ జాగ అని ఒక్కసారి చూసుకోవాలె. మనలా చానామందిమి సొరంగం దిక్కు కాదు, ఆ తల్లి పక్కన పండుకున్నోళ్లమే.

పురాణాన్ని ఇట్ల నిలదీసుడు తెలుగోళ్లకు కొత్త కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి శంబుకవధ రాసిండు. రంగనాయకమ్మ రామాయణ విషవృక్షం రాసింది. వాళ్లతోని ఒప్పుకోవచ్చు, కొట్లాడవచ్చు. కాని చదివి అడిగిండ్రు, అది పెద్ద ముచ్చట.

పాలన ఎట్ల నడువాల్నన్నదానికి మనకు వేరే పుస్తకం ఉన్నది. 1950 జనవరి 26 సంది నడుస్తున్న రాజ్యాంగం. దానికి రెండు నెలల ముందు, 1949 నవంబర్ 25 నాడు అంబేడ్కర్ రాజ్యాంగ సభల ఒక హెచ్చరిక చేసిండు. మతంల భక్తి ముక్తికి తోవ కావచ్చు గని, రాజకీయంల భక్తి దిగజారుడుకు, ఆఖరుకు నియంతృత్వానికి తోవ అన్నడు. లీడర్‌ను కృష్ణున్ని చేసిన ఫ్లెక్సీ ముంగట నిలబడి ఈ మాట యాది చేసుకుంటే చాలు. మనిషిని దేవుణ్ణి చేస్తే ఇగ లెక్క అడుగుడు ఉండదు, మొక్కుడే ఉంటది.

అందుకే భారతాన్ని చట్టం లెక్క కాదు, మన ముందటోళ్లు రాసిపెట్టిన అనుభవం లెక్క చదువాలె. అది మనకు తోవ చూపియ్యకపోవచ్చు. గుంత ఎక్కడున్నదో మాత్రం చూపిస్తది.

రేపు ఎంపీటీసీ ఎలక్షన్లు కావచ్చు, అసెంబ్లీ కావచ్చు, మళ్లా చౌరస్తాల విల్లు లేస్తది. ఒక అన్న వచ్చి, తమ్మీ నీ ఫోటో పెడుతున్న, రెండు వేలు తే అంటడు. అప్పుడు అడుగుండ్రి: అన్నా, ఈ విడిది ఖర్చు ఎవడు పెడుతుండు? నా ఓటు మీద నీకు హక్కు ఎవడిచ్చిండు? మన లీడర్ పార్టీ మారితే నా కేసు ఎవడు మోస్తడు? జవాబు మంచిగ చెప్తే ఆయన ఎంబడి పోవుండ్రి. నీకేం తెల్సురా అంటే మాత్రం, ఆ రెండు వేలు జేబుల పెట్టుకొని ఇంటికి రాండ్రి.